చలి సంగతి సరే, గాలి మాటేమిటి?

ప్రశ్న: నేను వాటర్‌కలర్ బొమ్మలు వేస్తాను. ఐస్‌లాండ్ ఉత్తర తీరంలో స్కాగస్ట్రోండ్ అనే చిన్న ఊళ్లో, ఆర్టిస్టులు కొన్నాళ్లు ఉండి పనిచేసుకునే రెసిడెన్సీకి ఎంపికయ్యాను. వచ్చే ఫిబ్రవరి నెలంతా అక్కడే ఉండాలి. బయట కూర్చుని సముద్రాన్నీ మంచునీ చూస్తూ రోజుకొకటి చొప్పున 28 బొమ్మలు వేసుకురావాలని ప్లాన్. కానీ నాకు చలంటే చచ్చేంత భయం. ఎన్ని స్వెటర్లు తీసుకెళ్లాలి? ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఒకే ఇంట్లో నెల రోజులు ఎలా ఉండాలి? "ఆ బొమ్మలేవో ఇక్కడే వేసుకోవచ్చుగా, అంత డబ్బు పోసి అక్కడికెందుకు" అంటున్నారు ఇంట్లోవాళ్లు. తీరా వెళ్లి ఏమీ చేయకుండా తిరిగొస్తానేమోనన్న టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిన రెండు పేజీల ఉత్తరంలో చలి అన్న మాట తొమ్మిదిసార్లు ఉంది. లెక్కపెట్టాను. గాలి అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఆ ఊరికి వెళ్లే మనిషి ఉత్తరం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉండాలి.

ముందు చలి సంగతి తేల్చేద్దాం. స్కాగస్ట్రోండ్ ఆర్కిటిక్ వలయానికి ఓ 80 కిలోమీటర్లు దక్షిణంగా ఉంటుంది. ఆ మాట వినగానే అందరూ గడ్డకట్టించే చలిని ఊహించుకుంటారు. కానీ అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం ఆ దీవి పక్కనుంచే పోతుంది. అందుకని తీరంలో చాలా రోజులు ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. మైనస్ పదికి దిగే రోజులు ఉంటాయి గానీ, రోజూ అదే వరస అనుకోవద్దు. ఇక ఇంట్లో అంటారా, ఐస్‌లాండ్‌లో పదిళ్లలో తొమ్మిదింటిని వెచ్చగా ఉంచేది భూమి లోపలి వేడే. ఉక్కపోస్తోందని శీతాకాలంలో కిటికీ తెరుచుకునే జనం వాళ్లు. అదే ఉత్తర తీరంలో మరో ఊళ్లో నేను రెండు శీతాకాలాలు గడిపాను. మొదటిసారి సూట్‌కేసు నిండా స్వెటర్లు కుక్కుకుని వెళ్లి, ఇంట్లో పల్చటి నూలు చొక్కాతో తిరిగాను.

గాలి అలా కాదు. అక్కడ గాలిని గంటకు కిలోమీటర్లలో చెప్పరు, సెకనుకు మీటర్లలో చెబుతారు. ఆ అంకెను 3.6తో గుణిస్తే మనకు అలవాటైన లెక్క వస్తుంది. మీరు దిగిన రెండో రోజుకే ఈ గుణకారం నోటికి వచ్చేస్తుంది, ఎందుకంటే ఇవాళ బయటికి వెళ్లాలా వద్దా అన్నది ఆ అంకే చెబుతుంది. వాళ్ల భాషలో గాలి జోరు పెరిగేకొద్దీ ఒక్కో మెట్టుకి ఒక్కో పేరు. ఆకు కదలకుండా ఉంటే 'లోగ్న్'. నాలుగైదు మీటర్ల పిల్లగాలి వీస్తే దాని పేరు 'గోలా'. అసలు గోల ఆ తర్వాత మొదలవుతుంది. పది దాటితే చేతిలో కాగితం నిలవదు. పదిహేను దగ్గర మనిషి ముందుకు వంగి నడుస్తాడు. ఇరవై దాటితే 'స్టోర్ముర్', పాతిక దగ్గర 'రోక్'. ఆ రోజు ఊళ్లోవాళ్లే గుమ్మం దాటరు, మీరు దాటాల్సిన పనేమీ లేదు.

ఉష్ణోగ్రత మైనస్ 5 ఉన్నరోజు 15 మీటర్ల గాలి వీస్తే, ఒంటికి అది మైనస్ 15లా తగులుతుంది. స్వెటర్ అల్లికలో ఎన్ని కన్నాలున్నాయో ఆ గాలికి అన్ని తలుపులు. కాబట్టి మీ దగ్గరున్న డబ్బులో పెద్ద వాటా గాలి చొరబడని జాకెట్‌కీ, అలాంటిదే ప్యాంటుకీ పెట్టండి. జాకెట్ టోపీకి గడ్డం కింద బిగించుకునే తాడు ఉండాలి. ఒంటికి ఆనుకుని ఉన్ని ఉండాలి. నూలు చెమటకి తడిస్తే ఆరదు. చేతులకి లోపల పల్చటి గ్లౌజులు, పైన నాలుగు వేళ్లూ ఒకేచోట ఉండే సంచిలాంటి మందపాటివి. బొమ్మ గీసేటప్పుడు పైవి తీసేస్తే సరిపోతుంది. గొడుగు వద్దు. అక్కడ గొడుగు పట్టుకున్న మనిషిని చూస్తే కొత్తగా దిగారని ఊరంతటికీ తెలిసిపోతుంది. బూట్లకి తగిలించుకునే ఇనపముళ్ల పట్టీలు మాత్రం అక్కడ దిగగానే కొనండి. సున్నాకి అటూ ఇటూ ఊగే చోట పగలు కరిగిన మంచు రాత్రికి గాజు పలకలా గట్టిపడుతుంది. నెల పాడయ్యేది చలి వల్ల కంటే కాలు జారి పడటం వల్లే ఎక్కువ.

కారు అద్దెకి తీసుకుంటే ఇంకో మాట. నేను ఒక పెట్రోల్ బంకులో ఒంటి చేత్తో కారు తలుపు తెరిచాను. గాలి వెనకనుంచి వస్తోంది. తలుపు నా చేతిలోంచి ఊడిపోయినట్టుగా విసురుగా తిరిగి ముందు రేకుకి కొట్టుకుంది. మూయబోతే కీలు వంగిపోయింది, నాలుగు వేళ్ల సందు మిగిలింది. ఆ సందుని తువ్వాలుతో కుక్కి, అరవై కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చాను. కారు ఇచ్చిన కంపెనీ దగ్గర మూడు రకాల బీమాలు కట్టాను, గాలికి పోయిన తలుపు వాటిలో ఒక్కదాని కిందా రాదట. మొత్తం నా నెత్తినే పడింది. కారు ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపండి, తలుపు రెండు చేతులతో పట్టుకుని తెరవండి.

సరే, ఇప్పుడు బొమ్మల సంగతికి వద్దాం. నాకు ఇష్టమైన విషయం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

మీకు దొరికిన నెల మంచిది. డిసెంబర్‌లో అయితే పగలు మూడు గంటలే. ఫిబ్రవరి 1న సుమారు ఆరున్నర గంటల పగలు ఉంటుంది, నెలాఖరుకి అది దాదాపు పది గంటలవుతుంది. రోజుకి ఏడు నిమిషాలు చొప్పున పెరుగుతుందన్న మాట. వారం తిరిగేసరికి మీ టేబుల్ మీద పడే వెలుగులో ఆ తేడా తెలుస్తుంది. నెల మొదట్లో పొద్దు పొడిచేది పదీ పావు ప్రాంతంలో. సూర్యుడు అన్నిటికంటే పైకి వచ్చేది మధ్యాహ్నం ఒకటిన్నరకి, అదీ దిగంతం మీద 7 డిగ్రీల ఎత్తుకి. చేయి బార చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు ఇంచుమించు 10 డిగ్రీలు. అంటే మీ పిడికిలిని సముద్రం అంచున ఆనిస్తే సూర్యుడు దాన్ని కూడా దాటి రాడు. నిలబడిన మనిషి నీడ మనిషికి ఎనిమిది రెట్లు పొడుగు. మనం బొమ్మల్లో వదిలేసే ఆ పేలవమైన మధ్యాహ్నపు వెలుగు అక్కడ లేనే లేదు. ఆకాశం తెరిపిచ్చిన రోజున పొద్దంతా సాయంత్రమే. మంచు మీద నీడలు నీలంగా, ఊదాగా పడతాయి. పొద్దు గుంకాక కూడా ఇంచుమించు గంటసేపు చూపు ఆనేంత వెలుగు ఉంటుంది. సూర్యుడు దిగేది హూనాఫ్లోయి అఖాతం వైపు. ఊరు ఆ నీళ్ల ఒడ్డునే ఉంది కాబట్టి మీరు వెతుక్కుంటూ ఎక్కడికీ పోనక్కర్లేదు.

కానీ ఆ వెలుగుని బయట కూర్చుని వాటర్‌కలర్‌లో పట్టుకోవడం కుదరదు. నేను మొండిగా ప్రయత్నించాను. మైనస్ 6, గాలి పెద్దగా లేని రోజు. రేవు గోడ చాటున కూర్చుని ఆకాశానికి ఒక పూత వేసి, తల ఎత్తి సముద్రం వైపు చూశాను. తిరిగి చూసేసరికి కుంచె కొన అగ్గిపుల్లలా బిగుసుకుపోయింది. కాగితం మీద రంగు ఎండలేదు, గడ్డకట్టింది. అందులో సన్నటి ఈనెలతో ఫెర్న్ ఆకుల్లాంటి గీతలు పొడిచాయి. నా చేత్తో జన్మలో వేయలేనంత అందంగా ఉన్నాయి. సంబరంగా లోపలికి తెచ్చి టేబుల్ మీద పెట్టాను. రెండు నిమిషాల్లో కరిగి బూడిదరంగు మడుగై కూర్చుంది. కప్పు నీళ్లలో కాస్త వోడ్కా కలిపితే తొందరగా గడ్డకట్టదని తోటివాళ్లు చెప్పారు. నిజమే, కట్టదు. కానీ కాగితాన్ని ఎగరేసుకుపోయే గాలికి వోడ్కా ఏం చేస్తుంది?

ఆ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి ఇది. బయటికి పెన్సిలూ చిన్న నోట్‌బుక్కూ మాత్రమే. పెన్సిల్ ఏ చలిలోనైనా రాస్తుంది, బాల్‌పెన్ మొరాయిస్తుంది. పది నిమిషాలు గీయడం, రంగుల పేర్లు పక్కనే మాటల్లో రాసుకోవడం, లోపలికి వచ్చేయడం. రంగులన్నీ లోపలే. ఫొటోలు తీస్తే ఫోన్ లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది. కెమెరా అయితే ఇంట్లోకి రాగానే బ్యాగులోంచి తీయకుండా గంటసేపు అలాగే వదిలేయండి, లేకపోతే అద్దం మీద ఆవిరి చేరుతుంది.

ఐస్‌లాండ్ వాళ్లకి 'గ్లుగ్గావెదుర్' అని ఒక మాట ఉంది. కిటికీ వాతావరణం అని అర్థం. కిటికీలోంచి చూస్తే ఎంతో బాగుండి, గుమ్మం దాటితే వాయగొట్టే రోజుని అలా అంటారు. వాళ్లు కాస్త వెటకారంగా వాడతారు గానీ, వాటర్‌కలర్ వేసేవాళ్లకి అంతకంటే మంచి రోజు లేదు. స్కాగస్ట్రోండ్‌లోని నెస్ రెసిడెన్సీ 2008లో మొదలైంది. దాని స్టూడియో ఒకప్పుడు చేపలు శుభ్రంచేసి ప్యాక్ చేసే ఫ్యాక్టరీ. మీరు ఇప్పుడే మెయిల్ రాసి అడగండి: నా టేబుల్‌కి దగ్గర్లో కిటికీ ఉంటుందా, అది ఎటు చూస్తుంది, స్టూడియోలో రాత్రిపూట కూడా హీటింగ్ ఉంటుందా? మీరు కట్టే ఫీజులో ఏమేం వస్తాయో కూడా అదే మెయిల్‌లో అడిగేయండి. కాగితం ఇక్కడినుంచే తీసుకెళ్లండి, అంచులు అంటించి ఉండే బ్లాక్ అయితే మేలు. అయిదు వందల మంది కూడా లేని ఊళ్లో ఆర్ట్ సామాన్ల దుకాణం ఉంటుందని ఆశించకండి.

ఇప్పుడు మీ 28 సంగతి. ఏమీ చేయకుండా తిరిగొస్తానేమోనన్న టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదన్నారు, నాకైతే ఆ అంకె మీదే అనుమానం. మొదటి నాలుగైదు రోజులు ప్రయాణ బడలికకీ, పదీ పావుకి తెల్లవారడం అనే వింతకి అలవాటు పడటానికీ పోతాయి. ఒకటో రెండో తుపానులు వచ్చిపోతాయి. చివరి మూడు రోజులు సర్దుకోవడానికీ, చాలాచోట్ల ఉన్నట్టు ఊళ్లోవాళ్లు వచ్చి బొమ్మలు చూసే ఓపెన్ స్టూడియో పెడితే దాని హడావుడికీ సరి. నేనున్న ఫిబ్రవరిలో బయట పావుగంటకి మించి కూర్చోగలిగిన రోజులు ఐదో ఆరో. రోజుకొకటి అని మొదలుపెడితే నాలుగో రోజుకే మీరు బాకీ పడతారు, పదో రోజుకి ఆ బాకీని చూసి టేబుల్ దగ్గరికి వెళ్లడమే మానేస్తారు. ఇది ఊహించి చెప్పడం లేదు, నా మొదటి నెల అచ్చం ఇలాగే తగలబడింది. రెండోసారి ఒకే కిటికీ, ఒకే సైజు కాగితం పెట్టుకున్నాను. మూల మీద ఆ రోజు గాలి ఎన్ని మీటర్లో అంకె వేసేదాన్ని. కొన్ని రోజులు కాగితం మీద అంకె తప్ప ఇంకేమీ లేదు. వాటితో కలిపి తిరిగి తెచ్చుకున్నవి పదకొండు. ఇప్పటికీ నా గోడ మీద ఉన్నవి అవే.

కొత్తవాళ్లతో కలిసి ఉండటం గురించి అంతగా బెంగపెట్టుకోకండి. బయట అంత గాలి కొడుతుంటే సాయంత్రానికి అందరూ వంటింటి టేబుల్ దగ్గరికే చేరతారు. మూడో రోజుకి ఎవరి కప్పు ఏదో తెలిసిపోతుంది. గొడవలు వచ్చేవి కళ దగ్గర కావు, సింక్‌లో గిన్నెల దగ్గరా, ఫ్రిజ్‌లో అరల దగ్గరా. మొదటి సాయంత్రమే కూర్చుని ఎవరు ఎప్పుడు కడగాలి, రాత్రి ఎన్నింటికి నిశ్శబ్దం అన్నవి మాట్లాడేసుకోండి, మొహమాటపడితే రెండో వారంలో పేలుతుంది. అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. ఆ టేబుల్ కబుర్లు ఎంత బాగుంటాయంటే, పగటి వెలుగున్న ఆరేడు గంటలూ అక్కడే గడిచిపోతాయి. పక్కావిడ ఇప్పటికే పన్నెండు వేసిందట అన్న వార్త కూడా ఆ టేబుల్ దగ్గరే వింటారు. వెలుగు ఉన్నంతసేపూ స్టూడియోలో ఉండండి, కబుర్లు చీకటి పడ్డాక పెట్టుకోండి. చీకటికి అక్కడ కొదవ లేదు.

ఊళ్లోవాళ్లతో కూడా కాస్త మెలగండి. ఐస్‌లాండ్‌లో ఇంచుమించు ప్రతి ఊళ్లోనూ వేడినీళ్ల ఈతకొలను ఉంటుంది, పక్కనే 38 నుంచి 40 డిగ్రీల వేడిలో మెడ దాకా మునిగి కూర్చునే చిన్న తొట్లు. ఊరి కబుర్లన్నీ అక్కడే దొరుకుతాయి. ఒక్క విషయం ముందే తెలిసి ఉండటం మంచిది: కొలనులోకి దిగేముందు ఆడవాళ్ల గదిలో బట్టలన్నీ విప్పి సబ్బుతో స్నానం చేయాలి. ఇది అందరికీ ఉన్న నియమం. మొదటిసారి సిగ్గుతో చచ్చిపోతాం. అక్కడెవరూ మనవైపు కన్నెత్తి చూడటం లేదని గ్రహించాక రెండోసారికి ఏమీ అనిపించదు. ఊరి వెనక ఉన్న కొండ పేరు స్పాకోనుఫెల్. తెలుగులో చెప్పాలంటే సోది చెప్పే ఆమె కొండ. పదో శతాబ్దం చివర్లో అక్కడ ఉందని చెప్పుకునే థోర్దీస్ అనే ఆమె పేరు మీద వచ్చింది. ఆమె కోసం ఊళ్లో ఒక చిన్న మ్యూజియం కూడా ఉంది. ఊళ్లో ఎవరైనా కాఫీకి పిలిస్తే, పని ఉందని తప్పించుకోకుండా వెళ్లి ఆమె గురించి అడగండి.

ప్రయాణం గురించి క్లుప్తంగా చెబుతాను. ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే షెంగెన్ వీసా కావాలి, అంటే ఐస్‌లాండ్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే ఒకే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి అప్లై చేయవచ్చు, చివరి గడువు 15 రోజులు, కానీ అంతదాకా ఆగకండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. రాజధాని రేక్యవీక్ నుంచి ఊరు సుమారు 250 కిలోమీటర్ల పైమాటే. దారిలో హోల్తవోర్దుహేయిది అనే ఎత్తైన మైదానం వస్తుంది, శీతాకాలంలో గాలికీ మంచుకీ దాన్ని తరచుగా మూసేస్తుంటారు. అందుకని విమానం దిగిన రోజే ఊరు చేరాలనీ, ఊరు వదిలిన రోజే విమానం ఎక్కాలనీ ప్లాన్ వేయకండి. వెళ్లేటప్పుడు ఒక రోజు, వచ్చేటప్పుడు రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. వాతావరణ శాఖ హెచ్చరికలు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఉంటాయి. నారింజ కనబడిందంటే కదలకండి. ఏ అత్యవసరానికైనా నంబరు 112.

మీ ఇంట్లోవాళ్ల ప్రశ్న ఒకటి మిగిలింది. బొమ్మలు ఇక్కడే వేసుకోవచ్చుగా అంటే, వేసుకోవచ్చు. వాళ్లన్నదాంట్లో తప్పులేదు, వాదించకండి. కానీ నాకు ఆ మాటలో బొమ్మల గురించి కంటే నెల రోజులు మీరు ఇంట్లో ఉండరన్న దిగులే ఎక్కువ వినిపిస్తోంది. వెళ్లే తేదీ, వచ్చే తేదీ, ఖర్చు ఎంత, అది ఎక్కడినుంచి వస్తుంది, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి. రోజూ ఏ టైముకి ఫోన్ చేస్తారో అదీ రాయండి. పదిహేను మీటర్ల గాలిలో నిలబడి మాత్రం వీడియో కాల్ చేయకండి. ఆ హోరు వింటే మిమ్మల్ని వెంటనే వెనక్కి రమ్మంటారు.

అన్నట్టు, స్వెటర్లు రెండు చాలు.